గడ్డకట్టని రాత్రి

కొండల్లో దారి చూపే జూరా ఆ పొద్దున తన అతిథుల్ని వరసగా కూర్చోబెట్టి తలంటింది. పాపం, వాళ్ళ తప్పేం లేదు. ఎక్కడో ఆస్ట్రియా నుంచి మంచు మీద స్కీలు తొక్కుదామని వచ్చారు. ఎదురుగా కొండ తెల్లగా ఊరిస్తోంది, వీళ్ళేమో ఉన్ని గుడారంలో కూర్చుని టీ తాగాలి. ఎల్లుండి మాకు విమానం ఉందని ఒక గడ్డమాయన గొణిగాడు. జూరా అతని గిన్నెలో ఇంకాస్త టీ పోసి, మంచుకి విమానాల సంగతి తెలియదండీ అంది.

వసంతంలో కొండకి రాత్రే దిక్కు. రాత్రి ఆకాశం తేటగా ఉండి చుక్కలు కనిపిస్తే, పగలంతా నానిన మంచు మళ్ళీ బిగుస్తుంది. తెల్లవారి దాని మీద గుర్రమెక్కి పోయినా మోస్తుంది, ఎండ ముదిరేలోపు దిగిపోతే చాలు. మబ్బు పట్టిందా, కొండకి దుప్పటి కప్పినట్టే. లోపలి వేడి బయటికి పోదు, మంచు బిగవదు. పొద్దున్నే చూస్తే పైన చల్లగానే ఉంటుంది గానీ కింద నీళ్ళోడుతూ ఉంటుంది. అలాంటి రాత్రి తర్వాత జూరా వెంట వచ్చినవాళ్ళెవరూ వాలు మీద కాలు పెట్టరు. ఎవరు బతిమాలినా అంతే, ఎవరు అలిగినా అంతే. మా ఊళ్ళో ఆమెకి ‘వద్దు జూరా’ అని పేరు. జూరాని వెంటబెట్టుకుని వెళితే కొండని చూడొచ్చుగానీ ఎక్కలేం అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనివ్వండి, ఆమె తీసుకెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు.

ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులున్నాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ సాయంత్రానికే ఆ మాట ఆమె నెత్తిన పడింది.

గుడారానికి కాస్త ఎగువన ఒక బండ ఉంది. ఆ చుట్టుపక్కల ఫోన్ తగిలేది దాని మీద నిలబడితేనే. జూరా మరిది రోజూ సాయంత్రం అక్కడికెళ్ళి వాతావరణం కబురు కనుక్కుని వస్తాడు. బృందంలో ఆమె తర్వాత దారి చూపేది అతనే. ఆ రోజు వాతావరణం మాటెత్తకుండా దిగివచ్చి, స్కీలు విప్పకుండా గుడారం ముందు నిలబడిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళంతో వచ్చే మనిషి. జూరా అతని మొహం చూసింది.

“వదినా, పెదనాన్నకి ఫోన్ చెయ్యి,” అన్నాడు.

ఆమె ఫోన్ తీసుకుని బండ వైపు నడిచింది. జూరా అమ్మ చలికాలం నుంచీ మంచంలోనే ఉంది.

బండ మీద నిలబడి ఫోన్ చేస్తే పెదనాన్న కసీమాలీ గొంతు తెగుతూ తెగుతూ వినిపించింది. పొద్దున పోయిందట. రాత్రి టీ అడిగి తాగిందట. రేపు మధ్యాహ్నం నమాజు కాగానే ఎత్తాలి, ఇంకో రోజు ఆపడానికి పెద్దలు ఒప్పుకోవడం లేదు. రోడ్డు మీద కొండ జారి పడింది, యంత్రాలొచ్చి తీసేసరికి ఎల్లుండవుతుంది. ఆయన చెప్పింది ఇంతే. కొండ దాటి ఊరు చేరే అడ్డదారి, ఆ కనుమ మాట ఎత్తలేదు. ఎత్తింది జూరానే.

“కాష్కా కనుమ దాటి వస్తాను పెదనాన్నా. తెల్లారేసరికి పైకెక్కి, పొద్దున్నే కీజిల్ లోయలోకి దిగుతాను,” అంది.

అవతల ఆయన ఏదో అనబోయాడు. అంతలో లైను పోయింది. ఆ తర్వాత ఎంతసేపు మీట నొక్కినా మళ్ళీ తగల్లేదు.

మా వాళ్ళలో కూతురు లేని తల్లిని చూసి జాలిపడతారు. వెళ్ళిపోయేటప్పుడు వెనక పాడేవాళ్ళుండరని. కొడుకులు గుడారం బయట నడుం బిగించి నిలబడి ఏడుస్తారు, గోరీ దాకా మోసుకెళతారు. లోపల, శవాన్ని ఉంచిన తెర పక్కన కూర్చుని, ఆ మనిషి బతుకంతా పాటగా కట్టి సాగనంపేది మాత్రం కూతురే. కోషోక్ అంటారు దాన్ని. అది లేకుండా మనిషిని బయటికి తీస్తే గుమ్మం దగ్గర ఒక్క మాటైనా అనకుండా చుట్టాన్ని పంపేసినట్టు. అమ్మకి జూరా ఒక్కతే కూతురు. అన్నల్లేరు, చెల్లెళ్ళు లేరు. రేపు మధ్యాహ్నంలోపు ఆ తెర పక్కన ఆమె లేకపోతే అమ్మ పాట లేకుండా పోతుంది. అంతకంటే ఇంకేం లేదు, అంతే సంగతి.

కానీ ఇంకోటి ఉంది. జూరా నాన్న ఇటువైపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఒక వసంతంలో నూరూజ్ పండగకి ఇంటికి చేరాలని కాష్కా కనుమెక్కాడు. ముందురాత్రి మబ్బు పట్టింది. కీజిల్ లోయ ఆయన్ని మింగి, గడ్డి మొలిచాక గానీ బయటపెట్టలేదు. జూరా ఈ దారి చూపే పనిలో చేరిన రోజున అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. మబ్బు రాత్రి తర్వాత ఆ కనుమ దాటకే, ఇంట్లో పెళ్ళయినా సరే, నేను చచ్చినా సరే, ఆగి రా, అంది. జూరా అప్పుడు నవ్వేసి, అలాగేలే అమ్మా అంది.

రాత్రి ఆమె పడుకోలేదని వేరే చెప్పాలా? మాటిమాటికీ బయటికొచ్చి పైకి చూసింది. మొదట చుక్కలున్నాయి. తర్వాత పడమటి నుంచి పలచగా మబ్బు పాకింది, ఆ తర్వాత చుక్కల్లేవు. చెయ్యి చాపి గాలిలో పట్టి చూసింది. చలి కొరకలేదు. మెత్తగా ఉంది. ఇదే గాలి చూసి ఇంకొకరు వెళ్ళొచ్చా అని అడిగితే ఏం చెప్పేదో ఆమెకి తెలుసు. అయినా లోపలికెళ్ళి సామాను సర్దుకుంది.

అతిథుల్ని వంటమనిషికీ, బృందంలో దారి చూపే మూడో కుర్రవాడికీ అప్పగించి, ఎవరూ గుడారం దాటొద్దని గట్టిగా చెప్పి బయల్దేరింది. మరిది అప్పటికే స్కీల అడుగున, ఎక్కేటప్పుడు జారకుండా ఉండే బొచ్చుపట్టీలు అంటించుకుని తయారుగా ఉన్నాడు. నువ్వెందుకు అంటే, ఒంటరిగా ఎవరూ పోకూడదన్న చట్టం పెట్టింది నువ్వే కదా వదినా అన్నాడు. ఆమె అతని ఛాతీకి కట్టిన సిగ్నల్ పెట్టె వెలుగుతోందో లేదో చూసి, తన దాన్ని కూడా చూపించింది. మంచులో కూరుకుపోయినవాణ్ణి పైనున్నవాళ్ళు వెతికి పట్టుకోవడానికి ఆ పెట్టె. నాన్న రోజుల్లో అలాంటివి లేవు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా కోడళ్ళు అత్తింటివాళ్ళని పేరుపెట్టి పిలవరు. మామగారు సరే, చిన్న మరిదిని కూడా పిలవరు. ఏదో ఒక ముద్దుపేరు కట్టి దాంతోనే జీవితమంతా గడిపేస్తారు. జూరా కాపరానికి వచ్చినప్పుడు ఈ మరిది ముక్కు కారుతూ గొర్రెపిల్లల వెంట తిరిగేవాడు. ఆ అవతారానికి ‘చిన్నదొర’ అని పేరు పెట్టింది. ఇప్పుడు అతనికి గడ్డం వచ్చింది, భుజాలొచ్చాయి, దొరతనం మాత్రం రాలేదు. ఇంకా చిన్నదొరే. అసలు పేరు ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఎక్కేదారి ఉత్తరపు నీడ. అక్కడ మంచు కాస్త గట్టిగానే ఉంది. స్కీల కింద కరకరమంటుంటే జూరా మనసు కొంచెం ఎగిసింది. ఏమో, అటువైపు కూడా ఇలాగే ఉందేమో, మబ్బు ఆలస్యంగా పట్టిందేమో, లోయ అడుగున చలి నిలిచిందేమో. ఇలాంటి ఏమోలు అతిథులు చెబితే ఆమె విరుచుకుపడేది. చిన్నదొర వెనక నుంచి ఏదో కూనిరాగం తీయబోయి, సంగతి గుర్తొచ్చి మానేశాడు.

కనుమ మీదికి చేరేసరికి తెల్లారింది. మబ్బు పలచబడి పాలలా ఉంది, దాని వెనక సూర్యుడు ఎక్కడున్నాడో తెలుస్తోంది. గాలి లేదు. అలాంటప్పుడే భయపడాలి. మబ్బు పైకప్పు, మంచు నేల, మధ్యలో ఉక్క. జూరా టోపీ తీసింది, మెడ దగ్గర చెమట.

రాళ్ళ మీద నిలబడి అటువైపు వాలు మీదికి కర్ర దింపింది. కర్ర పిడిదాకా పోయింది. ఆపేదేమీ తగల్లేదు. తీసి కాస్త పక్కన దింపింది. అక్కడా అంతే. వంగి పిడికెడు మంచు తీసి పిండితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

వాలు పైఅంచున నల్లటి రాళ్ళ కింద నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే విడిపడి, దొర్లుతూ, దొర్లే కొద్దీ లావై, కిందికి పోతున్నాయి. ఒకటి పోయింది. కాసేపటికి ఇంకోటి. ఎవరూ తొయ్యలేదు.

చిన్నదొర అది చూసి ఊరుకోలేదు. ఒక్కొక్కరం దిగుదాం వదినా, కుడివైపు రాళ్ళని ఆనుకుని, ఎక్కడా ఆగకుండా పోదాం, కిందికి చేరడమెంతసేపు, ఎండ ఇంకా పూర్తిగా పడనేలేదు అన్నాడు. అతను మూర్ఖుడు కాడు. వదిన గుండె అతనికి తెలుసు, అందుకే అన్నాడు. అలా అనేవాడు పక్కన లేకపోతే బాగుండుననిపించింది ఆమెకి, ఎందుకంటే లోపల తను అనుకుంటున్నదీ అదే.

అవును, అనుకుంది. దాచడం దేనికి? మోకాళ్ళ మీద కూర్చుని బూట్ల పట్టీలు దిగడానికి బిగించుకుంది. బొచ్చుపట్టీలు ఊడదీసి సంచిలో పెట్టింది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అమ్మ చెయ్యి, ఆ పట్టు, ఆగి రా అన్న గొంతు గుర్తొచ్చాయి. గుర్తొచ్చి కూడా రెండో బూటు బిగించింది. మాట ఇచ్చినప్పుడు అమ్మ బతికుంది కదా, ఇప్పుడు ఆ మాట ఎవరికి, అనుకుంది. ఎంత మంచి మనిషైనా తనకి కావలసినప్పుడు తర్కం ఎక్కడి నుంచో తెచ్చుకుంటుంది.

ఆమె లేచి నిలబడింది. అప్పుడు కింద, చాలా దూరాన, ఏదో కదిలింది.

కీజిల్ లోయ అడుగున సరుగుడు లాంటి పొట్టి చెట్ల దిబ్బ ఒకటుంది. అక్కడిదాకా మంచు జారిరాదు, అందుకే చెట్లు బతికాయి. ఊరి వైపు నుంచి వస్తే, దిబ్బ దాటాక లోయ సన్నబడి, సరిగ్గా ఈ వాలు కిందికి వంపు తిరుగుతుంది. ఆ దిబ్బకి అవతల నాలుగు గుర్రాలు. ముందున్నది లేత బూడిదరంగుది. ఆ చుట్టుపక్కల అలాంటి గుర్రం ఒక్కటే ఉంది, కసీమాలీ పెదనాన్నది.

జూరా రాళ్ళ అంచు దాకా జరిగి మళ్ళీ చూసింది.

ఏడుస్తూ వచ్చే కూతుర్ని ఒంటరిగా రానివ్వరు. ఎదురెళ్ళి తీసుకొస్తారు. పసివాళ్ళకి కూడా తెలిసిన సంగతి, ఆమెకి తెలియదా? అతిథుల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిలబడకూడదో నూరుసార్లు చెప్పే మనిషి, సొంత పెదనాన్నకి ఒక్క ముక్క చెప్పలేదు. దిబ్బ దాటొద్దని అనలేదు. వస్తానని మాత్రం అంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ మాట దాటి పోయి నలుగురు మగవాళ్ళని గుర్రాలెక్కించి ఈ కొండ కిందికి నడిపిస్తోంది.

చిన్నదొర కూడా చూశాడు. సంగతి అతనికి ఆమె చెప్పక ముందే అర్థమైంది. చేతులూపాడు. అంత దూరానికి మనుషులు చీమల్లా ఉంటే చేతులేం కనిపిస్తాయి! ఫోన్ తీశాడు, తగల్లేదు.

“నేను దిగి ఆపుతాను,” అన్నాడు. ఆమె వద్దనేలోపే రాళ్ళ మీంచి వాలు మీదికి స్కీ పెట్టాడు. ఒకటి, దాని పక్కన రెండోది.

అతని ముందు మంచు మీద సన్నగా ఒక గీత పడింది. కత్తితో గీసినట్టు పడి, అడ్డంగా, నెమ్మదిగా, వాలు పొడుగునా పాకుతూ పోయింది.

“మెదెర్!”

అతను ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. గీతని చూసి కాదు, దాన్ని అతనింకా చూడనేలేదు. ఆ పేరు ఆ నోట విని. వదిన తనని పేరుపెట్టి పిలిచిందంటే లోకం తల్లకిందులైనట్టే. మెడ మాత్రం తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె ఇంకేం అరవలేదు. చెయ్యి చాపింది. అతను ఒక్కో స్కీ ఎత్తి, పక్కకి, పక్కకి జరుగుతూ వెనక్కి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుని రాళ్ళ మీద కూలబడ్డాడు. గీత అక్కడే ఉంది. కొండ ఇంకా పట్టు వదల్లేదు.

కింద గుర్రాలు దిబ్బ దగ్గరికి వచ్చేశాయి.

అరిస్తే మంచు జారుతుందని సినిమాల్లో చూపిస్తారు. ఉత్తమాట. కొండని కదిపేది బరువూ, వేడీ. అరుపుకి అది చెవి కూడా ఒగ్గదు. అంత లోతుకి మాటలు అందవు, ఆగండి అన్నా రండి అన్నట్టే వినిపిస్తుంది. కానీ ఒకటి అందుతుంది. అందేలాగే కట్టారు దాన్ని మా వాళ్ళు, గుడారం లోపల కూర్చుని పాడితే ఊరి చివరికి వినిపించేలా. దూరం నుంచి వచ్చే కూతురు ఏడుపు ఎత్తుకున్న క్షణాన, ఎదురొచ్చినవాళ్ళు అడుగు ముందుకు వెయ్యకూడదు. గుర్రం దిగి, ఎక్కడున్నవాళ్ళు అక్కడే తలవంచి నిలబడాలి. ఆ పాట సాగుతున్నంతసేపూ, ఆమె తమని చేరేదాకా, కదలకూడదు.

ఇప్పుడు ఎత్తుకుంటే దిబ్బ మీద ఆగుతారు. ఇంకాస్త ఆలస్యమైతే సరిగ్గా వాలు కింద ఆగుతారు. అప్పుడిక దేవుడు కూడా కదల్చలేడు.

కానీ అది అమ్మ కోసం దాచిన పాట. మంచంలో ఉన్న అమ్మని చూసినప్పుడల్లా, వద్దు వద్దనుకుంటూనే, లోపల ఒక్కో ముక్కా కట్టుకుంటూ వచ్చింది. తెర పక్కన కూర్చుని, అమ్మ వినేలా పాడాలని. జూరా కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

*మబ్బు రాతిరి పోయినవాడు*
*మరి ఇంటికి రాలేదమ్మా*
*మబ్బు రాతిరి రావద్దంటూ*
*మాట తీసుకున్నావమ్మా*
*మాట తప్పి నే కనుమెక్కినా*
*మంచు దిగనివ్వలేదమ్మా…*

కట్టుకున్న ముక్కలు ఇవి కావు. కట్టుకున్నవన్నీ ఎటో పోయాయి. వచ్చినవి వచ్చినట్టు పాడింది.

లేతబూడిద గుర్రం దిబ్బ మీద ఆగింది. గుర్రం మీంచి చుక్కలాంటి ఆకారం ఒకటి నేల మీదికి జారింది. తర్వాత ఇంకోటి. నలుగురూ దిగారు. చెట్ల మధ్య నిలబడ్డారు. కాసేపటికి కింద నుంచి మగవాళ్ళ ఏడుపు, ఓ అని, సన్నగా పైకి వచ్చింది. అంతవరకూ జూరాకి అమ్మ పోయిందని తెలుసు, ఆ ఏడుపు విన్నాకే నిజంగా పోయింది.

పాట ఆపితే, కూతురు ఇంకా రాలేదేమని వాళ్ళు గుర్రాలెక్కుతారు. అందుకని ఆపలేదు. ఊపిరి కోసం ఆగినప్పుడల్లా కింద ఒక చుక్క కదిలేది, మళ్ళీ ఎత్తుకుంటే నిలిచేది. చిన్నదొర కూడా గొంతు కలిపాడు, మగవాళ్ళు ఏడ్చినట్టు ఓ అన్నాడు గానీ, అతని బొంగురు గొంతు ఈ రాళ్ళ దగ్గరే పడిపోయింది. ఆడగొంతే లోయలోకి దిగుతోంది. అమ్మ నాన్నని చేసుకోవడం పాడింది. నాన్న కోసం అమ్మ గడ్డి మొలిచేదాకా రోజూ ఈ లోయ దాకా వచ్చి వెళ్ళడం పాడింది. ఉప్పు వేసి కాచే టీలో అమ్మ ఉప్పెక్కువేసి, నీ నాలుకే చప్పిడిది అని దబాయించడం పాడింది. అదేం కోషోక్‌లో పాడే సంగతి కాదు. అయిపోయినవన్నీ మళ్ళీ పాడింది. మబ్బు చీలి ఎండ సూటిగా వాలు మీద పడింది. రాళ్ళ కింది నుంచి మంచు ఉండలు ఇప్పుడు ఒకటి వెనక ఒకటి కాదు, గుంపులుగా దొర్లుతున్నాయి. గొంతు గీరుకుపోయి నోట్లో ఉప్పగా తగిలింది. ఇంకా ఎంతసేపు? కొండా, జారేదానివైతే జారు, ఏడిపించకు, అని లోలోపల తిట్టుకుంది. గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకుంటే గాలి తప్ప శబ్దం రాలేదు.

కింద ఒక చుక్క గుర్రమెక్కింది.

జూరా రెండు చేతులూ రాళ్ళకి ఆనించి, కడుపులోంచి లాగి, మాటల్లేని ఒక్క కేక పెట్టింది. ఆ కేక ఇంకా గాలిలో ఉండగానే గీత పడిన చోట వాలంతా వదులైంది.

మోత మోగలేదు. పిడుగులా ఏమీ రాలేదు. ఉడికిన సంకటి గిన్నెలోంచి కుమ్మరించినట్టు, బరువుగా, తొందరలేకుండా, కొండ మొత్తం ఒలికిపోయింది. ఆ తర్వాత వచ్చింది శబ్దం, కాళ్ళ కింద రాయి అదిరింది. లోయ వంపు నిండింది. ఆ తడిమంచు వంపు తిరిగి, రాళ్ళతో మట్టితో కలిసి, దిబ్బ అంచు దాకా పోయి అక్కడ ఆగింది. గుర్రాలు బెదిరి వెనక్కి పోయాయి. మనుషులు? ఒకటి, రెండు, మూడు. చిన్నదొర ఆమె భుజం పట్టుకుని వేలు చూపించాడు. నాలుగు.

కొండ జారిపోయాక దాని దారే అన్నిటికంటే నమ్మకమైన దారి. పడాల్సింది పడిపోయింది. పైన ఇంకేం వేలాడటం లేదని చూసుకుని, ఒకరి తర్వాత ఒకరు, ఆ గీకేసిన నేల మీదుగా ఆగకుండా దిగారు. సగం దారిలో రాళ్ళ చాటున ఆమె కోసం ఆగిన చిన్నదొర మొహం ఇంకా పాలిపోయే ఉంది, అయినా ఊరుకోలేకపోయాడు.

“వదినా, పేరుపెట్టి పిలిచావు. మా అమ్మ వింటే నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?”

జూరా నోరు తెరిచింది. గొంతు రాలేదు. అతని నెత్తి మీద ఒక్కటి మొట్టి ముందుకు సాగింది.

కసీమాలీ పెదనాన్న మంచుకుప్ప దాటుకుని ఎదురొచ్చాడు. నడుముకి బిగించిన గుడ్డ వదులైపోయింది. ఆమెని దగ్గరికి తీసుకోలేదు, ముందు భుజాలు పట్టి ఊపేశాడు. నీకు బుద్ధుందా అన్నాడు. తర్వాత చెప్పాడు.

“నేను నిన్ను తీసుకెళ్ళడానికి రాలేదే తల్లీ. వెనక్కి పంపడానికొచ్చాను. రాత్రి మబ్బు నేనూ చూశాను. వంపు దాకా వస్తేగానీ కనుమ మీది మనిషికి నా చెయ్యి కనబడదు, అక్కడి నుంచి టోపీ ఊపి పొమ్మందామనుకున్నాను. మీ అమ్మ నా చేత కూడా మాట తీసుకుంది. అది మబ్బు రాత్రి తర్వాత వస్తానంటే నా శవం దగ్గరికి రానివ్వకు బావా, అంది.”

అప్పటికి అర్థమైంది ఇద్దరికీ. ఆమె ఆయన్ని ఆపుతోంది, ఆయన ఆమెని ఆపడానికి వస్తున్నాడు. ఒకరి కోసం ఒకరు వచ్చి ఒకే కొండ కింద కలిసేవాళ్ళు. పెదనాన్న మంచుకుప్పని చూశాడు. ఆయన తమ్ముణ్ణి తీసుకున్నది ఆ వంపే. మొదట కూతురి ఏడుపనుకునే దిగామన్నాడు. ఎంతకీ నువ్వు కదలకుండా పాడుతుంటే అప్పుడు తల ఎత్తి వాలు చూశానన్నాడు. గుర్రమెక్కింది తన మనవడట, వాణ్ణి కాలు పట్టుకుని కిందికి లాగాడట.

జూరా సూర్యుడి వైపు చూపించి, ఊరి వైపు చూపించింది. ఆలస్యమైపోయింది కదా, ఎత్తేసి ఉంటారు కదా అని అడుగుతోంది.

“నేను లేకుండా ఎవడు ఎత్తుతాడు? ఎక్కు,” అన్నాడాయన, గుర్రం కళ్ళెం ఆమె చేతికిస్తూ.

ఊరు చేరేసరికి నమాజు అయిపోయింది. అమ్మని ఉంచిన గుడారం చుట్టూ మగవాళ్ళు నిలబడి ఉన్నారు. జూరా గుర్రం దిగి, మంచు నీళ్ళోడుతున్న బూట్లతోనే లోపలికి పోబోయి, ఆగి, బూట్లు విప్పింది. లోపల ఆడవాళ్ళు బారుగా కూర్చున్నారు. జరిగి చోటిచ్చారు. తెర పక్కన, అమ్మ తలవైపు, కూతురి చోటు ఖాళీగానే ఉంది.

కూర్చుంది. అందరూ తల వంచుకుని ఎదురుచూశారు.

నోరు తెరిచింది. గొంతు లేదు. మళ్ళీ ప్రయత్నిస్తే కీచుమని ఏదో వచ్చి తెగిపోయింది. కొండ మీద ఒక్క చుక్క కూడా మిగల్చకుండా ఖర్చుపెట్టేసింది. వెనక ఒక ముసలావిడ, ఉన్న ఒక్క కూతురికీ ఇదేం ఖర్మమ్మా అని పక్కావిడతో అంది. ఇంకొకావిడ, నేనెత్తుకోనా అని అడిగింది. జూరా అడ్డంగా తల ఊపింది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి, తుడుచుకోలేదు.

తెర అంచు పట్టుకుని ముందుకి వంగింది. ఎప్పుడైనా పని నుంచి వచ్చి అమ్మ పక్కన కూలబడి కబుర్లు చెప్పినట్టు, గుసగుసగా మొదలుపెట్టింది. కోషోక్‌ని అలా మాటల్లో చెప్పగా అక్కడున్న ఏ ఆడదీ వినలేదు.

“అమ్మా, నేనే. రాత్రి మబ్బు పట్టిందే. అయినా కనుమెక్కాను, తిట్టుకో. బూట్లు కూడా బిగించానే అమ్మా, దిగిపోదామనే. దిగలేదు. కొండ జారేదాకా ఆగాను. పెదనాన్న బాగానే ఉన్నాడు, నలుగురూ బాగానే ఉన్నారు. పాట అక్కడే అయిపోయింది, ఏం మిగల్లేదు, నీకేం తేలేదు. ఆగి రమ్మన్నావుగా. ఆగే వచ్చాను.”

ఇంకా చాలా చెప్పింది, పక్కన కూర్చున్నవాళ్ళకి సగం కూడా వినబడలేదు. ఎవరూ కదల్లేదు. బయట మగవాళ్ళు తొందరపడుతుంటే పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆ మాటలు అయ్యేదాకా ఎవరినీ లోపలికి రానివ్వలేదు.